నడిమి లైటు

వీరేశానికి యాభై రెండేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు స్టీరింగు వెనకాలే గడిచాయి. మొదట కిరాయి ఆటో, తర్వాత ఇంకొకరి కారు, ఇప్పుడు తన సొంత కారు. ఆ తెల్ల కారును ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులను ఆఫీసుకు తెచ్చి, తిరిగి ఇళ్ల దగ్గర దించే పనిలో పెట్టుకున్నాడు. కొత్తవాళ్లెవరైనా పరిచయమైతే, పేరు చెప్పిన వెంటనే ఆయన నోట వచ్చే మాట ఒకటే. "ఇరవై రెండేండ్లల్ల బండికి గీత వడలే."

ఆ మాట నిజమే. ఆయన కారును చూసుకునే తీరు చూసి తోటి డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు. అందరూ డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ పెట్టుకుంటే, ఈయన అదీ పెట్టనిచ్చేవాడు కాదు. "దేవుడు గుండెల ఉంటడు. బ్రేకేసిన్నాడు గా బొమ్మ నా మొకానికొస్తది" అనేవాడు.

దీపావళి వెళ్లిన వారానికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఆయనకు కొత్త డ్యూటీ వేసింది. నిజాంపేట హాస్టళ్ల నుంచి ముగ్గురిని పొద్దున ఎనిమిదిన్నరకు ఎక్కించుకుని గచ్చిబౌలి అవతల ఆఫీసులో దించాలి. సాయంత్రం ఆరింటికి మళ్లీ తీసుకురావాలి. సంయుక్త, భరత్, ఆకాష్ అని ముగ్గురి పేర్లూ కాగితం మీద ఉన్నాయి. పక్కనే, వీళ్లకు వినికిడి లేదు, ఫోన్ చేయకుండా మెసేజ్ పెట్టాలి అని రాసి ఉంది.

మొదటి ఉదయం వీరేశం వాళ్లను అద్దంలో చూస్తూనే ఉండిపోయాడు. ముగ్గురూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. కళ్లద్దాల అమ్మాయి సంయుక్త వేళ్లు సూదిలో దారం ఎక్కించినంత చురుగ్గా కదులుతున్నాయి. భరత్ భారీ మనిషి, ఏదో కథ చెబుతున్నాడు కాబోలు, చేతులు బండి కప్పును తాకుతున్నాయి. ఉద్యోగంలో చేరి నెలన్నర కూడా కాని ఆకాష్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. శబ్దం లేదన్న మాటే గానీ, అంత సందడి ఆ బండిలో ఎన్నడూ లేదు.

సాయంత్రం ఆరు దాటేసరికి చీకటి పడింది. సంయుక్త ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, అద్దం పక్కనున్న లైటు వేసింది. ఆ క్షణంలో వీరేశానికి ముందరద్దంలో రోడ్డుకు బదులు తన మొహమే కనబడింది. ముందు పోయే బైకు మసకలో కలిసిపోయింది. ఆయన గబుక్కున లైటు ఆర్పేశాడు. ఆమె అర్థం కాక మళ్లీ వేసింది. ఆయన మళ్లీ ఆర్పి, వేలు అడ్డంగా ఊపి, మొహం గంటు పెట్టుకున్నాడు.

ఆమె ముందుకు తిరిగి కూర్చుంది. నిజాంపేట చేరేదాకా ఎవరూ కదలలేదు.

ఆ రోజు మొదలు రోజూ అదే వరస. పొద్దున బండి నిండా సందడి, సాయంత్రం శవాన్ని మోసుకుపోతున్నట్టు నిశ్శబ్దం. పనిచేసి అలసిపోయారేమో అనుకున్నాడు. పది రోజులు గడిచాక ఒక ఆదివారం అన్నం తింటూ భార్యతో ఆ మాటే అన్నాడు.

"పొద్దుగాల సంతల ఉన్నట్టుంటది. పొద్దుమీకితే ఒక్కలు ఉలకరు పలకరు. చిత్రమైన మనుషులు."

కనకలక్ష్మి నిజాంపేటలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. పాఠశాల యూనిఫారాలు, జాకెట్లు, పరదాలు ఏవి తెచ్చినా కుట్టి ఇస్తుంది. మాట సూటిగా ఉంటుంది.

"రాత్రిపూట లైటేస్తరా బండ్ల?" అని అడిగింది.

"ఏస్తే నాకు తొవ్వ కనవడద్దా? మొదటి రోజే బంద్ చేయించిన."

ఆమె ముద్ద కలపడం ఆపి ఆయన మొహం చూసింది. "చేతులే నోరు గదనయ్యా వాళ్లకు. లైటు తీసేసినవంటే నోట్ల గుడ్డ కుక్కినట్టే."

 వీరేశం ఆ రాత్రంతా మంచం మీద దొర్లాడు. లైటు ఆర్పడంలో తప్పు లేదు. ఇప్పుడైనా అదే చేస్తాడు. రోడ్డు కనబడకపోతే నలుగురి ప్రాణాలూ గాలిలో దీపాలే. కానీ ముగ్గురు మనుషుల నోళ్లు పది రోజులు మూసి, వాళ్లను చిత్రమైన మనుషులన్నాడే, ఆ సంగతి ముల్లులా గుచ్చింది.

మరునాడు వాళ్లను ఆఫీసులో దించి, నేరుగా కొత్తగూడలో బండ్ల కరెంటు పని చేసే బాలు దగ్గరికి పోయాడు. ముందర అద్దంలో పడకుండా, వెనక సీటు మీద మాత్రమే వెలుగు పడే ఉపాయం కావాలని చెప్పాడు. బాలు ఉత్సాహంగా ఒక పెట్టె తెరిచి, నీలిరంగు లైట్ల పట్టీ తీశాడు.

"గిది ఏస్త వీరేశమన్నా. తలుపు మీదికెల్లి చుట్టూ పట్టిస్త. పబ్బు లెక్క మెరుస్తది."

"వైరు ఎక్కడికెల్లి తీస్తవ్?"

"గీ తలుపుల నడుమ ప్లాస్టిక్ పలక ఊడదీసి ఎన్కనుంచి గుంజుత. అర్ధగంట పని."

"ఆ పలక మీద ఏం రాసున్నదో చూసినవా? దాని పైన ఎయిర్‌బ్యాగు ఉన్నది. గది పేలేటప్పుడు నీ వైరు అడ్డమొస్తే?"

బాలు పకపకా నవ్వాడు. "నీ బండికి గీత వడదంటవ్, మరి అదెప్పుడు పేలుతదన్నా?"

"పేలొద్దనే మొక్కుతున్న. గని పేలాల్సిన దినం పేలాలె గద, బిడ్డా."

బాలు పట్టీని పెట్టెలో పెట్టేశాడు. వీరేశం వచ్చిన దారినే తిరిగొచ్చి, దుకాణం ముందు బండి ఆపి, కనకలక్ష్మిని బయటికి పిలిచాడు. కారు కప్పుకు రెండు చోట్ల లైట్లున్నాయి. ఒకటి డ్రైవరు అద్దం దగ్గర, రెండోది కప్పు నడుమ, వెనక సీటుకు కొంచెం ముందుగా. ఈ నడిమి లైటు ఒక్కటే వేస్తే వెలుగులో సగం వెనక్కి పోతుంది, సగం ముందరద్దం మీదికి వస్తుంది. ముందుకొచ్చే ఆ సగాన్ని ఆపాలి.

"పందిట్ల పరదా కడ్తరు చూడు, గట్లనా?" అందామె.

"గట్లనే. గని గట్టి వస్తువేదీ ఉండొద్దు. కర్ర వద్దు, రేకు వద్దు. తలకు తాకినా దెబ్బ తగలద్దు."

ఆమె బడిపిల్లల కోట్లకు వాడే మందపాటి నల్లగుడ్డ తీసుకుంది. రెండు పొరలు వేసి కుట్టింది. పై అంచుకు, సంచుల మూతలకు కుట్టే గరుకు పట్టీ వేసింది. కప్పు లోపలి బట్టకు అది అతుక్కుంది. మేకు లేదు, వైరు లేదు. గుడ్డ లైటుకు తగలకుండా జానెడు ముందుగా వేలాడింది.

సాయంత్రం ముగ్గురినీ దించి వచ్చాక, చీకట్లో ఇద్దరూ పరీక్ష పెట్టుకున్నారు. కనకలక్ష్మి వెనక కూర్చుని చేతులు ఊపింది. వీరేశం ముందు కూర్చుని అద్దంలోకి చూశాడు. ముందరద్దం నల్లగా, శుభ్రంగా ఉంది. ఎదురుగా వీధి చివర పడుకున్న కుక్క కూడా కనబడింది. కానీ లోపలి అద్దంలో వెనకనుంచి వచ్చే బండ్లకు గుడ్డ అడ్డమొచ్చింది.

"ఇంకింత కత్తిరించు."

ఆమె రెండు వేళ్ల మందం కత్తిరించింది. మళ్లీ కూర్చున్నారు. ఇంకో వేలు కత్తిరించింది. నాలుగోసారికి గుడ్డ నాలుగు వేళ్ల వెడల్పుకు వచ్చింది. వెనకద్దం పూర్తిగా కనబడింది, ముందరద్దం మీద వెలుగు చుక్క పడలేదు. వెలిగే మొహాలు కళ్లకు కొట్టకుండా అద్దం కిందనున్న చిన్న పిడిని వెనక్కి వంచుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట కనకలక్ష్మి చాలా రోజులు అందరికీ చెప్పుకుంది.

"ఇంజనీర్లు మరిచిపోయిన గుడ్డ ముక్క నువ్వు కుట్టినవే."

మరునాడు సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర సంయుక్త అలవాటుగా ముందు తలుపు దగ్గరికి వచ్చింది. వీరేశం దిగి వెనక తలుపు తెరిచాడు. ముగ్గురినీ వెనకే కూర్చోమని చూపించాడు. బ్యాగులు తీసుకుని డిక్కీలో పెట్టాడు. ముగ్గురూ సీటుబెల్టులు పెట్టుకునేదాకా నిలబడ్డాడు. అప్పుడు చెయ్యి చాచి నడిమి లైటు వేశాడు.

ముగ్గురూ ఆ నల్లగుడ్డ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశారు. వీరేశం తన రెండు చేతులూ ఎత్తి, వేళ్లు అడ్డదిడ్డంగా ఆడించి, ఇక మాట్లాడుకోండని సైగ చేశాడు. అది వాళ్ల భాషలో ఏ మాటా కాదు. అయినా భరత్ పెద్దగా నవ్వాడు. ఆ భారీ మనిషి నవ్వుకు శబ్దం ఉందని వీరేశానికి ఆ రోజే తెలిసింది.

గచ్చిబౌలి దాటకముందే వెనక సీటు సంతలా మారింది. పది రోజులు ఆపుకున్న కబుర్లన్నీ ఒక్కసారి కట్ట తెగినట్టు వచ్చాయి. వీరేశం చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. కానీ ఆయన మీసం కింద పెదవులు విచ్చుకునే ఉన్నాయి.

నెల రోజులు అలా సాఫీగా నడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం, ఆయన ఇరవై రెండేళ్ల గొప్ప మాట మీదికే వచ్చింది.

ఆ రోజు ఇన్సూరెన్సు కాగితాల ఫైలు, తుడుపు గుడ్డ, గొడుగు డ్రైవరు తలుపు అరలో కుక్కి ఉన్నాయి. ఎప్పుడూ అక్కడ ఉండే స్టీలు నీళ్ల సీసాకు చోటు లేదు. ఇంటికి చేరేదాకా ఏమవుతుందిలే అని వీరేశం దాన్ని సీటుకూ హ్యాండ్‌బ్రేకుకూ నడుమ ఇరికించాడు. వేరే డ్రైవరు అలా చేస్తే నాలుగు చీవాట్లు పెట్టేవాడు.

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగుతుండగా రోడ్డు వంపు తిరిగింది. సీసా జారింది. పాదాల దగ్గర టంగుమన్న చప్పుడు ఆయనకు వినబడింది. కింద సిగ్నల్ దగ్గర ఎర్రలైట్లు బారులు తీరి కనబడుతున్నాయి. బ్రేకు తొక్కాడు. అది దిగలేదు. పెడలు కింద సీసా అడ్డం పడింది.

"గట్టిగ పట్టుకోండ్రి!" అని అరిచాడు.

ఎవరూ తల ఎత్తలేదు. భరత్ ఏదో కథ మధ్యలో ఉన్నాడు. మిగతా ఇద్దరూ అతని చేతుల మీదే కళ్లు పెట్టి కూర్చున్నారు.

వీరేశం మూడో గేరు, వెంటనే రెండో గేరు వేశాడు. ఇంజను ఘోరంగా మూలిగింది. నాలుగు వైపులా పసుపు లైట్లు మిణుకుమనేలా మీట నొక్కాడు. హ్యాండ్‌బ్రేకును ఒక్కసారి లాగితే బండి తిరిగిపోతుందని తెలుసు. కొద్దికొద్దిగా లాగుతూ, కాలి మడమతో సీసాను పక్కకు తన్నాడు. మొదటి తన్నుకు కదల్లేదు. రెండో తన్నుకు దొర్లింది. బ్రేకు నేలదాకా దిగింది. ముందున్న బస్సుకు జానెడు దూరంలో బండి ఆగింది.

వీరేశం సిగ్నల్ పడ్డాక బండిని మెల్లగా ఎడమవైపు పెట్టి ఆపాడు. సంయుక్త ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఫోన్‌లో తెలుగులో టైపు చేసి చూపింది. "అంకుల్, ఏమైంది?"

వీరేశం వంగి సీసా పైకెత్తి చూపించాడు. బ్రేకు వైపు, తన వైపు, మళ్లీ సీసా వైపు వేలు చూపాడు. ఆ తర్వాత ఫోన్ తీసుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "తప్పు నాది. పట్టుకోమని అరిచిన. మీకు వినిపియ్యలే. నేను ఎట్ల పిలవాలె?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆకాష్ ఫోన్ అందుకున్నాడు. ఎప్పుడూ వెనకబడి ఉండే కుర్రాడు ఆ రోజు ముందుకొచ్చాడు. "మా ఇంట్లో అమ్మ నన్ను పిలవాలంటే గదిలో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తుంది. వెంటనే తల ఎత్తుతాను."

ఇంటికి పోయాక వీరేశం ఈ సంగతి భార్యకు చెప్పలేదు. నోరు రాలేదు. సీట్ల వెనక తగిలించే సంచులు కుట్టిమ్మని మాత్రం అడిగాడు. సీసాలకు బిగుతుగా ఒక అర, ఫోన్లకు ఒకటి, పుస్తకాలకు ఒకటి. ప్రతి అరకూ మూత ఉండాలి, మూతకు గుండీ ఉండాలి. కనకలక్ష్మి అడగకుండానే అడుగున దళసరి గుడ్డ వేసి, నాలుగు మూలలా తాళ్లు కుట్టి ఇచ్చింది. తన సీసాకు తలుపు అర తప్ప మరో చోటు ఉండకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ వారమంతా బండి బయల్దేరే ముందు అయిదు నిమిషాలు పాఠం నడిచింది. అద్దం దగ్గరి జంట లైట్లలో ఎడమవైపుది రెండుసార్లు తళుక్కుమంటే వీపు సీటుకు ఆనించి, తల నిటారుగా పెట్టి కూర్చోవాలి. అయితే తీరా ఆపద మీద పడ్డాక లైటు కోసం చెయ్యి తియ్యకూడదని వీరేశం తనకు తాను నియమం పెట్టుకున్నాడు. అప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి. అందుకని దూరాన గుంపు కనబడినా, ముందున్న బండి తూలినా ముందే తళుక్కుమనిపించేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ జరిగేది కాదు. అయినా ముగ్గురూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

బదులుగా వాళ్లు ఆయనకు సైగలు నేర్పారు. ఆగు, జరుగు, బెల్టు, నీళ్లు, ట్రాఫిక్, ఆకలి. ఆయన వేళ్లు మొద్దుగా తిరిగేవి. ఒకరోజు "ట్రాఫిక్ ఉంది" అనబోయి "ఆకలిగా ఉంది" అన్నాడట. సాయంత్రం సంయుక్త ఆయన చేతిలో సమోసాల పొట్లం పెట్టింది.

జనవరి చివర్లో ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ చెన్నకేశవులు నుంచి పిలుపు వచ్చింది. చెన్నకేశవులుది కడప దగ్గర ఊరు. నియమాల మనిషి, గట్టి మనిషి, కానీ ఒకరి నోటి కూడు తీసే రకం కాదు. ఆయన ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. పక్క బండిలో పోతున్న ఎవరో తీసి పంపారు. కదులుతున్న వీరేశం కారులో లోపలి లైటు వెలుగుతోంది.

"ఏమప్పా వీరేశం, నీ బండి తేరు మాదిరి వెలుగుతాందే! బండి కదిలేటప్పుడు లోపల లైటు ఉండకూడదని మన రూలు. నీ అంత సీనియరుకు నేను చెప్పాల్నా?"

"రూలు మంచిదే సార్. నేనే మొదటి రోజు లైటు ఆర్పిన."

"మరి ఇప్పుడేంటికి ఏసినావు?"

"నోటితోని చెప్తే అయ్యేది కాదు సార్. ఇయ్యాల సాయంత్రం జర నా బండ్ల కూసోండ్రి. మీకు నచ్చకపోతే రేపటిసంది డ్యూటీ ఇయ్యకుండ్రి."

చెన్నకేశవులు కాసేపు ఆయన్ను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

ఆరింటికి బండి బయల్దేరేముందు వీరేశం మేనేజర్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. అద్దం దగ్గరి లైటు వేసి చూడమన్నాడు. "నా మొగమే కనపడతాంది" అన్నాడు చెన్నకేశవులు. అది ఆర్పి నడిమి లైటు వేయించాడు. చెన్నకేశవులు ముందుకు వంగి, పక్కకు వంగి, లోపలి అద్దంలోకి చూసి, నల్లగుడ్డను వేలితో తట్టి చూశాడు. దిగి పక్క సీట్లోకి మారాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఫైలు ఒళ్లో, ఫోను ఫైలు మీద పెట్టుకున్నాడు.

"సార్, ఫైలు, ఫోను ముందరి అరల పెట్టి మూత వెయ్యుండ్రి."

"ఏం కాదులేప్పా, పోనీ."

పెద్దమనిషితో వాదించలేక వీరేశం బండి తీశాడు. వెనక ముగ్గురూ మాట్లాడుకుంటున్నారు. వంతెన దాటి కొండాపూర్ వైపు మలుపు దగ్గరికి రాగానే, దూరాన రోడ్డు మధ్య గోడ సందులోంచి ఒక బైకు ముక్కు కనబడింది. వాడు ఎటు వస్తాడో తెలియడం లేదు. వీరేశం ఎడమచెయ్యి లేచి లైటు రెండుసార్లు తళుక్కుమనిపించి, తిరిగి స్టీరింగు మీదికి వచ్చింది. వెనక ఆరు చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. మూడు వీపులు సీటుకు ఆనాయి.

బైకువాడు ఎదురు దిక్కులో అడ్డంగా దూసుకొచ్చాడు. వీరేశం బ్రేకు తొక్కాడు. బండి నిలువునా ఆగింది. వాడు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

వెనక సీట్లో ఒక్క వస్తువు కదల్లేదు. సీసాలు సంచుల్లో, సంచుల మూతలు గుండీల్లో భద్రంగా ఉన్నాయి. ముందు సీట్లో మాత్రం చెన్నకేశవులు ఫోను ముందరద్దానికి కొట్టుకుని ఎటో పడింది. ఫైల్లోని కాగితాలు ఆయన కాళ్ల మీద, గేరు మీద, వీరేశం మోకాలి మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

చెన్నకేశవులు వెనక్కి తిరిగి చూశాడు. ముగ్గురూ నిటారుగా, పెళ్లి ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు.

"చెవులుండీ చెల్లాచెదరైంది నేనొక్కన్నే" అన్నాడు మెల్లగా. వీరేశం నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు.

నిజాంపేటలో దిగేటప్పుడు సంయుక్త తన ఫోన్ చెన్నకేశవులు చేతికిచ్చింది. అందులో ముందే రాసి పెట్టుకున్నట్టుంది. "సార్, ఆఫీసులో తొమ్మిది గంటలు మేము అందరి పెదవులూ చదువుతాం. కళ్లు నొప్పి పుడతాయి. మా భాషలో మనసారా మాట్లాడుకునేది ఈ బండిలోనే. ఆకాష్ ఉద్యోగం మానేద్దామనుకున్నాడు. ఈ బండిలో మాట్లాడి మాట్లాడి మేమే ఆపాం. అంకుల్ మాకు భద్రతా ఇచ్చారు, మాటా ఇచ్చారు. రెండింటిలో ఒకటే తీసుకోమని దయచేసి అనకండి."

చెన్నకేశవులు రెండుసార్లు చదివాడు. ఫోన్ తిరిగిచ్చి, వీరేశం వైపు చూశాడు.

"మన కంపెనీలో ఇట్లాంటి పిల్లోళ్లు ఇంకా పందొమ్మిది మంది ఉండారప్పా. పదకొండు బండ్లు. శనివారం డ్రైవర్లందర్నీ పిలిపిస్తా. నువ్వే చెప్పల్ల."

ఆయన వెళ్లిపోయాక ముగ్గురూ వీరేశాన్ని కదలనివ్వలేదు. భరత్ ఆయన ముందు నిలబడి, చూపుడువేలు ముక్కు కొన మీద పెట్టి, కళ్లు చిట్లించాడు. సంయుక్త రాసి చూపించింది. "మొదటి వారం మేము మీకు పెట్టిన పేరు ఇది. ముక్కు మీద కోపం."

వీరేశం తల దించుకున్నాడు. భరత్ ఆయన గడ్డం పట్టి పైకెత్తి, అరచేతిని దొన్నెలా ముడిచి, అందులో నిండా నీళ్లున్నట్టు ఎంతో నెమ్మదిగా, చుక్క ఒలకకుండా, గుండె దగ్గరనుంచి ముందుకు తీసుకుపోయాడు. ఆకాష్, సంయుక్త కూడా అలాగే చేశారు. ఆమె మళ్లీ ఫోన్‌లో రాసి చూపించింది.

"పేరు మార్చాం. నిండుకుండ. సైగల పేరు ఎవరికైనా మేమే పెడతాం. వినబడేవాళ్లు తమకు తాము పెట్టుకోవడానికి వీల్లేదు. అందరికీ పెట్టం కూడా."

వీరేశం తన మొద్దు వేళ్లను దొన్నెలా ముడిచి చూసుకున్నాడు. మూడుసార్లు చేసి చూపిస్తే గానీ సరిగ్గా వచ్చిందని వాళ్లు ఒప్పుకోలేదు.

శనివారం పొద్దున ఆఫీసు కింద బండ్లు నిలిపే చోట పదకొండు కార్లు వరసగా నిలబడ్డాయి. పదకొండు మంది డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలుచున్నారు. చెన్నకేశవులు గుడ్డలకూ సంచులకూ కొలతలు తీసుకోమని కనకలక్ష్మినీ పిలిపించాడు. ఆమె పట్టుచీర కట్టుకుని, మెడలో టేపు వేసుకుని వచ్చింది. సంయుక్త వాళ్లు ముగ్గురూ ఒక పక్కన నిలబడ్డారు.

వీరేశం నల్లగుడ్డ చూపించాడు. లైటు ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో చెప్పాడు. తలుపుల నడిమి పలకల వెనక వైర్లు ఎందుకు గుంజకూడదో చెప్పాడు. డ్రైవర్లు వింటున్నారు గానీ, వాళ్ల మొహాల్లో "ఈయన ఎప్పటిలాగే గొప్పలు చెబుతున్నాడు" అన్న భావం ఉంది. ఒకడు పక్కవాడి చెవిలో గొణిగాడు. "ఇప్పుడంటడు చూడు, ఇరవై రెండేండ్లల్ల గీత వడలే అని."

వీరేశానికి అది వినబడింది. వాడి వైపే తిరిగాడు.

"గీత వడలే. మాట నిజమే" అన్నాడు. "గని మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ మీద నలుగురం సస్తుంటిమి. బ్రేకు కింద నీళ్ల సీస వడ్డది. ఎవ్వరిదో కాదు. నాదే. తలుపు అరల జాగ లేదని నేనే పక్కకు ఇరికించిన. ఇంత ఉన్న గా సీస, ఇరవై రెండేండ్ల పేరును మింగబోయింది."

 కనకలక్ష్మి చెయ్యి మెడలోని టేపు మీదే ఆగిపోయింది. సంయుక్త ఆయన పెదవులు చదివి, మిగతా ఇద్దరికీ ఆ మాటలు చేతులతో చెబుతోంది. గొణిగిన డ్రైవరు ఎవరూ చెప్పకుండానే తన కారు దగ్గరికి పోయి, తలుపు తెరిచి, సీటు కింద చెయ్యి పెట్టాడు. ఒక పానా బయటికి వచ్చింది. పక్కవాడి కారులోంచి రెండు సీసాలు, పాత చెప్పు వచ్చాయి. మూడోవాడు కొత్త కారు పూజనాటి కొబ్బరికాయను సీటు కిందినుంచి తీసి, సిగ్గుపడుతూ పట్టుకున్నాడు. చూస్తుండగానే పదకొండు కార్ల తలుపులూ తెరుచుకున్నాయి. పదకొండు మందీ నడుములు వంచి వెతుకుతున్నారు.

కనకలక్ష్మి మెల్లగా వచ్చి భర్త పక్కన నిలబడింది. "ఇంట్ల ఒక్క మాటన్న చెప్పలేదేందయ్యా?"

"గప్పుడు చెప్పేందుకు మొకం లేకుండె."

"మరి ఇంతమంది ముంగట చెప్తివి?"

"ఇప్పుడున్నది" అన్నాడు వీరేశం.

ఆమె మెడలోని టేపు సవరించుకుని, తల ఎత్తుకుని, మొదటి కారు దగ్గరికి కొలత తీయడానికి నడిచింది. ఆ నడకను వీరేశం గర్వంగా చూస్తూ నిలబడ్డాడు.